ఎమ్.ఆర్.ఐ. చిత్రాలలో మిథ్యాచ్ఛాయలు



ఎమ్.ఆర్.ఐ. పరీక్ష చేయించుకున్నవారు ఇంటికి తెచ్చుకునే నివేదికలో, అసలు విషయానికి ముందో వెనుకో, 'మోషన్ ఆర్టిఫాక్ట్స్ ఉన్నవి' అన్న చిన్న వాక్యం అప్పుడప్పుడు కనిపిస్తుంది. చాలామంది దానిని చదవరు. చదివినవారిలో కొందరు అదేదో కొత్త జబ్బు పేరనుకొని కలవరపడతారు. కిందటి నెలలో ఒక పాఠకురాలు 'మా అత్తగారికి ఆర్టిఫాక్ట్ అని వచ్చింది, దీనికి మందులున్నాయా?' అని నన్ను అడిగారు. ఆ ప్రశ్న నవ్వుకోదగినది కాదు. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందువలన ఈ వ్యాసం.

శరీరంలో లేనిది చిత్రంలో ఉన్నట్లు తోచినా, ఉన్నది చెరిగిపోయినా, చోటు మారి కనిపించినా దానిని ఆర్టిఫాక్ట్ అంటారు. నేను దీనిని మిథ్యాచ్ఛాయ అని వ్యవహరిస్తాను. ఇది ఎమ్.ఆర్.ఐ.తో పుట్టిన విషయం కాదు. నేను ప్రభుత్వ సర్వీసులో చేరిన రోజులలో ఎక్స్-రే ఫిలిములను చీకటిగదిలో కడిగి, నీరు ఓడుతుండగానే వెలుతురుకు ఎత్తి చూసేవాళ్ళం. స్త్రీల ఛాతీ ఎక్స్-రేలలో భుజం మీదుగా ముందుకు పడిన జడ ఊపిరితిత్తి పైభాగాన మచ్చవలె కనిపించేది. పెద్దవారిలో క్షయ ఎక్కువగా కనిపించే చోటు కూడా అదే. 'ముందు జడ సంగతి అడుగు, తరువాత దగ్గు సంగతి అడుగు' అని మా గురువుగారొకరు మందలించేవారు. జడ ముడివేసి మరల ఎక్స్-రే తీస్తే మచ్చ మాయమయ్యేది. ఎక్స్-రేలో ఇటువంటివి కొద్దిపాటే. ఎమ్.ఆర్.ఐ.లో మాత్రం వీటికొక పెద్ద కుటుంబమే ఉంది. ఎందుకో తెలియాలంటే ఆ యంత్రం పనిచేసే విధం కొంత తెలియాలి.

ఎమ్.ఆర్.ఐ. యంత్రం ఫోటో తీయదు. మన శరీరంలోని నీటిలోను, కొవ్వులోను హైడ్రోజన్ ఉంది. హైడ్రోజన్ పరమాణు కేంద్రంలోని ప్రోటాన్ చిన్న అయస్కాంతపు ముల్లు వలె ప్రవర్తిస్తుంది. మనిషిని 1.5 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో, అనగా భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు ఉన్న క్షేత్రంలో పడుకోబెట్టినపుడు, ఎదురెదురు దిశలవి పరస్పరం చెల్లిపోగా, పది లక్షల ప్రోటాన్లకు ఐదు మాత్రమే క్షేత్రపు దిశలో మిగులుతాయి. మనం చూసే చిత్రమంతా ఆ ఐదింటి పుణ్యమే. సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల కంపనాలు గల రేడియో తరంగాలతో వాటిని కదలించి, అవి పూర్వస్థితికి వచ్చేటప్పుడు వెలువడే అతి బలహీనమైన సంకేతాన్ని తీగచుట్టలతో పట్టుకుంటారు. అనేక స్వరాలు ఒక్కసారిగా మ్రోగినట్లుండే ఆ సంకేతాన్ని విడదీసి, ఏ స్వరం శరీరంలో ఏ చోటి నుండి వచ్చిందో కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ లెక్కకు మూలం ఫ్రాన్సు గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో ఉష్ణప్రసరణ గురించి వెలువరించిన గ్రంథంలో ఉంది.

కాబట్టి మీ చేతికి వచ్చే ఫిలిము ఒక లెక్కకు వచ్చిన జవాబు. లెక్కలోనికి వెళ్ళినది తప్పైతే జవాబులోనూ తప్పు వస్తుంది. ఆ తప్పు మసకగా ఉంటే ప్రమాదం లేదు. ఒక్కొక్కప్పుడు అది ఎంతో స్పష్టంగా, అచ్చం జబ్బువలె ఉంటుంది. అక్కడే చిక్కు.

అన్నిటికంటె సాధారణమైనది కదలిక. 1973లో పాల్ లాటర్బర్ ఈ పద్ధతిలో తీసిన మొదటి చిత్రాలు సన్నని గాజు గొట్టాలలోని నీటివి, గొట్టాలు కదలవు. 1977 జులై 3న రేమండ్ డమేడియన్ బృందం మొదటిసారిగా ఒక మనిషి ఛాతీని చిత్రించడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. లాటర్బర్‌కు, ఈ చిత్రీకరణను వేగవంతం చేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి లభించింది. తనకు రాలేదని డమేడియన్ పత్రికలలో పూర్తి పుట ప్రకటనలు వేయించి నిరసన తెలిపారు. అది వేరే కథ. నేడు ఐదు గంటలు పట్టకపోయినా, ఒక్కొక్క వరుస చిత్రాలకు కొన్ని నిమిషాలు, మొత్తం పరీక్షకు అరగంట అటూ ఇటూ పడుతుంది. ఒక వరుస సంకేతాన్ని చదవడానికి మిల్లీసెకన్లు చాలు; కాని అటువంటి వరుసలు వందలు కావాలి. మొదటి వరుస చదివినపుడు ఉన్నచోటనే చివరి వరుస వరకు మీరు ఉన్నారన్న నమ్మకం మీద కంప్యూటరు లెక్క వేస్తుంది. మీరు ఎటు కదిలినా ఆ దోషం చిత్రంలో ఒకే దిశలో పరచుకుంటుంది. దానిని ఫేజ్ దిశ అంటారు.

మీరు కదలకపోయినా మీ గుండె ఆగదు కదా. పొట్ట చిత్రంలో వెన్నెముక ముందున్న బృహద్ధమని గుండెచప్పుడుకొకసారి ఉబ్బుతుంది. దాని ప్రతిరూపాలు సమాన దూరాలలో ఒకే వరుసలో పడతాయి. వాటిలో ఒకటి కాలేయపు ఎడమభాగం మీద పడితే చక్కని గుండ్రని గడ్డవలె ఉంటుంది. అనుభవజ్ఞుడైన రేడియాలజిస్టు వెంటనే మూడు విషయాలు చూస్తారు. అది ధమనితో ఒకే వరుసలో ఉన్నదా, అంతే దూరంలో మరొకటి ఉన్నదా, ఫేజ్ దిశను మార్చి తీస్తే తానూ స్థానం మార్చుతున్నదా. నిజమైన గడ్డ తానున్న చోటు మారదు.

రెండవ రకాన్ని చుట్టిరావడం అనవచ్చు. పాత సినిమాలలో ముందుకు పరుగెత్తే గుర్రపుబండి చక్రం వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడం మీరు గమనించే ఉంటారు. కెమెరా తగినన్నిసార్లు చూడకపోవడం వలన అలా జరుగుతుంది. ఎమ్.ఆర్.ఐ.లోను చిత్రించే పరిధి శరీరభాగం కంటె చిన్నదైతే, పరిధికి బయట మిగిలినది చుట్టి వచ్చి అవతలి అంచున పడుతుంది. ముక్కు తల వెనుక భాగంలో తేలిన చిత్రాలను విద్యార్థులకు చూపితే నవ్వుతారు. ఇది చూడగానే తెలిసిపోతుంది కనుక హాని తక్కువ.

నవ్వు రానిది మూడవది. పదునైన అంచు ఉన్నచోట, ఉదాహరణకు తెల్లని వెన్నునీరు ముదురు వెన్నుపామును తాకేచోట, కంప్యూటరు తీసుకున్న స్వరాల సంఖ్య చాలకపోతే అంచు పక్కన అలలవలె చారలు ఏర్పడతాయి. అమెరికా శాస్త్రవేత్త విలార్డ్ గిబ్స్ 1899లో ఈ గణిత విశేషాన్ని వివరించినందున ఆయన పేర పిలుస్తారు. నిజానికి హెన్రీ విల్‌బ్రహామ్ అనే ఆంగ్లేయుడు 1848లోనే దీనిని కనుగొన్నాడు. పేరు మాత్రం అతనికి దక్కలేదు. నిలువు చిత్రంలో ఆ చారలలో ఒకటి సరిగా వెన్నుపాము నడుమ పడితే, వెన్నుపాము లోపల నీటి తిత్తి ఏర్పడినట్లు కనిపిస్తుంది. సిరింక్స్ అనే ఆ జబ్బు నిజంగా ఉంటే చేతులు స్పర్శను కోల్పోవచ్చు, శస్త్రచికిత్స అవసరం కావచ్చు. మెడనొప్పి తప్ప మరే బాధా లేని మనిషికి ఈ మాట చెవిన పడితే ఆ కుటుంబం ఎన్ని రాత్రులు నిద్రపోదో ఆలోచించండి. తేడా కనుక్కోవడం మాత్రం కష్టం కాదు. అడ్డుకోత చిత్రాలలో తిత్తి కనిపించాలి. మరింత సూక్ష్మమైన గడులతో మరల తీసినా అది చెక్కుచెదరకూడదు. చార అయితే సన్నబడి మాయమవుతుంది.

భుజం నొప్పులవారు మరొకటి తెలుసుకోవాలి. కండరపు నరం, అనగా టెండన్, అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల కోణంలో వంగి ఉన్నచోట కొన్ని రకాల చిత్రాలలో తెల్లగా మెరుస్తుంది. చిరిగిన టెండన్ కూడా తెల్లగానే ఉంటుంది. దీనికి 'మ్యాజిక్ యాంగిల్' అని పేరు పెట్టారు. టి2 రకపు చిత్రాలలో ఆ మెరుపు తగ్గిపోతుంది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక లోహాలు. ఇనుము ఉన్న వస్తువు తన చుట్టూ ఉన్న క్షేత్రాన్ని వంచివేస్తుంది. చిత్రంలో నల్లని గొయ్యి, దాని అంచున తెల్లని మెరుపు కనిపిస్తాయి. ఒక్క జడపిన్ను మెదడు చిత్రంలో ఒక భాగాన్ని మింగివేయగలదు. చీర పిన్నీసు, రవిక హుక్కులు, మొలత్రాడుకున్న తాయెత్తు, నల్లపూసల గొలుసు కొక్కెం అన్నీ తీసివేయవలసినవే. బంగారాన్ని అయస్కాంతం లాగదు. అయినా ప్రతి లోహమూ చిత్రాన్ని చెరపగలదు, రేడియో తరంగాలకు వేడెక్కగలదు. మంగళసూత్రం తీయడానికి మన ఇళ్ళలో పెద్దవారు ఎంతగా వెనుకాడతారో నాకు తెలుసు. పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకొని సూత్రాలు ఇంట్లో ఉంచి వచ్చే పద్ధతి మనకు ఉన్నదే; ముందురోజే ఆ ఏర్పాటు చేసుకుంటే పరీక్ష గది ముందు కన్నీళ్ళు, వాదనలు ఉండవు. సంప్రదాయపు కాటుకలో ఉండేది మసి. కాని ఇప్పటి మస్కారాలు, ఐలైనర్లు చాలావాటిలో ఇనుప ఆక్సైడు ఉంటుంది, కంటి చిత్రాలను అది పాడుచేస్తుంది. పచ్చబొట్టు, కట్టుడు పళ్ళు, ఎముకలో ప్లేటు, గుండెలో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. పేస్‌మేకర్, మెదడు రక్తనాళాలకు వేసిన పాత క్లిప్పుల విషయంలో ఇది చిత్రం చెడడంతో పోయేది కాదు, ప్రాణానికే ముప్పు. అయస్కాంతం స్విచ్చి తీస్తే ఆగేది కాదని, రాత్రింబవళ్ళు అది పనిచేస్తూనే ఉంటుందని చాలామందికి తెలియదు. 2018 జనవరిలో ముంబయిలో బంధువుకు తోడుగా ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోనికి వెళ్ళిన యువకుడు మరణించాడు.

'మూడు టెస్లాల మెషిన్ అయితే మంచిదట కదా డాక్టరుగారూ' అని అడుగుతుంటారు. చాలా విషయాలలో మంచిదే. కాని క్షేత్రం పెరిగిన కొద్దీ లోహం వలన కలిగే దోషం కూడా పెరుగుతుంది. తుంటిలోనో వెన్నులోనో లోహపు భాగం ఉన్నవారికి 1.5 టెస్లాల చిత్రమే మేలు కావచ్చు. ఎక్కువ సొమ్ము చెల్లించడం ఒక్కటే కొలత కాదు.

నేను ప్రత్యేకించి చెప్పదలచినది స్పెక్ట్రోస్కోపీ గురించి. మెదడులో ఒక గడ్డ కనిపించినపుడు అది కణితా, క్షయగడ్డా, మరొకటా అని తేల్చడానికి ఈ పరీక్షను జోడిస్తున్నారు. ఇందులో బొమ్మ ఉండదు. ఎత్తుపల్లాల గీత ఒకటి ఉంటుంది. మెదడులో ఒక చిన్న పెట్టెంత భాగాన్ని ఎంచుకొని, అందులోని రసాయనాలను వాటి కంపన భేదాలను బట్టి గుర్తిస్తారు. 2.0 దగ్గర లేచే శిఖరం ఎన్.ఎ.ఎ.ది, అది ఆరోగ్యవంతమైన నాడీకణాల గుర్తు. 3.0 దగ్గర క్రియాటిన్, 3.2 దగ్గర కోలిన్. కణితులలో కోలిన్ పెరుగుతుంది. 1.3 ప్రాంతంలో లేచేది కొవ్వు శిఖరం. క్షయగడ్డలలో ఇది ప్రముఖంగా ఉంటుంది. మన దేశంలో క్షయ విస్తారం కనుక ఆ శిఖరం కనబడగానే చూపు అటే పోతుంది.

చిక్కేమిటంటే ఈ రసాయనాల పరిమాణం నీటితో పోలిస్తే వేలవంతులలో ఒక వంతు. నీటి సంకేతాన్ని అణచివేస్తే తప్ప ఇవి వినిపించవు. పెళ్ళి పందిట్లో మేళం మ్రోగుతుండగా మూలనున్న ముసలమ్మ గొంతు వినడం వంటిది. పైగా నెత్తి చర్మం కింద కొవ్వు పొర ఒకటుంది. ఎంచుకున్న పెట్టె పుర్రెకు ఆనితే ఆ కొవ్వు సంకేతం లోపలికి చొరబడి, సరిగా 1.3 దగ్గరే లేస్తుంది.

పదవీ విరమణ తరువాత ఒక సంగతి నా ఎదుటకు వచ్చింది. ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడికి ఫిట్స్ వచ్చాయి. మెదడు పైభాగంలో, పుర్రెకు దగ్గరగా, 1.2 సెంటీమీటర్ల గుండ్రని మచ్చ ఉంది. స్పెక్ట్రోస్కోపీలో కొవ్వు శిఖరం ఉన్నందున క్షయగడ్డ కావచ్చునని నివేదికలో వ్రాశారు. నెలల తరబడి క్షయ మందులు వాడాలన్నారట. తండ్రి కౌలురైతు. 'మా వంశంలో ఎవరికీ టీబీ లేదయ్యా, వీడికెలా వచ్చింది?' అన్నది అతని బాధ. వంశానికీ దానికీ సంబంధం లేదని చెప్పి, ఫిలిములు చూశాను. గీత వెంట, పెట్టెను ఎక్కడ ఉంచారో చూపే చిన్న చిత్రం కూడా ఇస్తారు. దానిలో పెట్టె పైమూల పుర్రె ఎముకను దాటి ఉంది. పెట్టె ఒక్కొక్క వైపు 2 సెంటీమీటర్లు, అనగా 8 ఘనసెంటీమీటర్లు. మచ్చ ఘనపరిమాణం ఒక ఘనసెంటీమీటరుకు లోపు. పెట్టెలో ఎనిమిదవ వంతు కూడా జబ్బు లేదు. పైగా గీత అడుగు నిలకడగా లేక ఊగుతూ ఉంది.

రేడియాలజీలో ప్రొఫెసరుగా పనిచేసిన నా మిత్రునికి వాటిని పంపాను. ఆయన సలహాపై వేరొక చోట పరీక్ష మరల చేశారు. చిన్న పెట్టెను పుర్రెకు దూరంగా జరిపి, చుట్టూ ఉన్న కొవ్వు సంకేతాన్ని అణిచే పట్టీలు వేశారు. 1.3 దగ్గరి శిఖరం దాదాపు చదునైపోయింది. అంతకంటె ముఖ్యంగా, పలుచని కోతలతో తీసిన చిత్రాలలో మచ్చ లోపల ఒక పక్కగా చిన్న చుక్క కనిపించింది. అది బద్దెపురుగు పిల్ల తల. జబ్బు న్యూరోసిస్టిసెర్కోసిస్. దానికి తగిన మందులు, ఫిట్స్ మందులు ఇచ్చారు. ఆరు నెలల తరువాత తీసిన చిత్రంలో ఒక చిన్న సున్నపు చుక్క మిగిలింది. మొదటి కేంద్రంవారు 'కావచ్చును' అనే వ్రాశారు, 'అగును' అని వ్రాయలేదు. ఆ ఒక్క మాట అక్కడి నుండి మందుల చీటీ వరకు వచ్చేలోగా ఎక్కడో జారిపోయింది.

ఇది చదివి ఎవరూ తమ నివేదికలోని గడ్డను మిథ్య అని తోసివేయకూడదు. నివేదికలలో వ్రాసే గడ్డలలో చాలావరకు నిజమైనవే. ఏది మిథ్యో తేల్చవలసినది చిత్రాలన్నిటినీ దగ్గర పెట్టుకొని, రోగిని పరీక్షించిన వైద్యుడు. మీరు అడగదగిన ప్రశ్న ఒకటుంది: 'ఈ మచ్చ ఒక్క వరుసలోనే కనిపించిందా, మిగిలిన వరుసలలోనూ ఉన్నదా?' మర్యాదగా అడిగితే ఏ వైద్యుడూ తప్పు పట్టడు. పట్టితే మరొకరిని అడగండి.

ఈ దోషాలలో కొన్ని వైద్యానికి ఉపకరిస్తాయి కూడా. రక్తం చిందినచోట మిగిలే ఇనుము క్షేత్రాన్ని వంచుతుంది. ఆ వంపునే పెద్దదిగా చూపించే పద్ధతిలో మెదడులోని సూక్ష్మ రక్తస్రావాలను పట్టుకుంటున్నారు. కొవ్వు ప్రోటాన్లు నీటి ప్రోటాన్ల కంటె 1.5 టెస్లాల వద్ద సెకనుకు సుమారు 220 కంపనాలు వెనుకబడతాయి. అందువలన మూత్రపిండాల అంచున ఒక వైపు నల్లగీత, మరొక వైపు తెల్లగీత పడతాయి. అదే భేదాన్ని ఆధారం చేసుకొని కాలేయంలో కొవ్వు చేరిందో లేదో తెలుసుకుంటున్నారు.

మీ చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. మూత్రవిసర్జన చేసి లోనికి వెళ్ళండి. నడుము నొప్పి ఉంటే మోకాళ్ళ కింద దిండు అడగండి. నొప్పితో ఎవరూ అరగంట కదలక ఉండలేరు. దగ్గు ఉంటే ముందే చెప్పండి. ఇరుకుకు భయపడేవారు బల్ల లోపలికి వెళ్ళకముందే కళ్ళు మూసుకొని, బయటకు వచ్చేవరకు తెరవకుండా ఉండడం మేలు. చప్పుడు చాలా ఎక్కువ, చెవులకు దూది కాక సరైన అడ్డు అడగండి. 'ఊపిరి బిగపట్టండి' అన్నప్పుడు ఎంతసేపు పట్టగలరో ముందే ఇంటి వద్ద చూసుకోవచ్చు. పరీక్ష గది తలుపు మధ్యలో తెరవమని బయట నుండి బంధువులు ఒత్తిడి చేయకూడదు. గది గోడలలో రాగిరేకులు పరచి ఉంటాయి. తలుపు సరిగా మూయకపోతే బయటి రేడియో తరంగాలు చొరబడి చిత్రానికి అడ్డంగా జిప్పు వంటి చుక్కల గీత గీస్తాయి. కదలిక వలన చిత్రం పాడైందని సిబ్బంది చెప్పి మరల తీస్తామంటే విసుక్కోకండి, వారు మీ పనే చేస్తున్నారు. ఎమ్.ఆర్.ఐ.లో ఎక్స్-కిరణాలు లేవు కనుక రెండవసారి తీయడం వలన ఆ రకమైన హాని లేదు.

రెండవ అభిప్రాయం కోసం వెళ్ళేటప్పుడు నివేదిక కాగితం ఒక్కటే కాక పరీక్ష డిస్కును కూడా అడిగి తీసుకువెళ్ళండి. ఫిలిము మీద కొన్ని చిత్రాలే ఉంటాయి, డిస్కులో అన్నీ ఉంటాయి. ఫిలిమును కిటికీకి ఆనించి ఫోనుతో ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపేవారు పెరిగారు. మొన్న ఒకరు పంపిన దానిలో కాలేయం నడుమ పొడవైన తెల్లని చార ఉంది. అది వారి ఇంటి ట్యూబులైటు.